జగ్గారావు కడిగిన పింగాణీ

కరెంటు స్తంభం మీద, తీగకీ ఇనప కమ్మీకీ నడుమ, గొడుగు మీద గొడుగు పేర్చినట్టు పింగాణీ బుడ్డి ఒకటి ఉంటుంది. తీగలో కరెంటు స్తంభంలోకి దిగకుండా కాసేది అదే. ఇంజనీర్లు ఇన్సులేటర్ అంటారు, లైన్‌మన్లు పింగాణీ అంటారు. ఆ పింగాణీలు తుడుస్తూ జగ్గారావు తొమ్మిదేళ్లు బతికాడు.

విశాఖపట్నం రేవు పక్కన ఆ పని లేకపోతే రోజు గడవదు. ఇనప ఖనిజం గుట్టల మీంచి ఎర్ర దుమ్ము, సముద్రం మీంచి ఉప్పుగాలి, రెండూ పోయి ఆ బుడ్డి మీదే కూర్చుంటాయి. జడివాన పడితే అదే కడిగేస్తుంది. కార్తికం దాటాక మొదలవుతుంది గొడవ. దుమ్ము పొడిగా ఉన్నంతకాలం ఎవరినీ ఏమీ అనదు. మాఘమాసపు మంచుకి తడిసిందా, అందులో ఉప్పు కరిగి కరెంటుకి దారి ఇచ్చేస్తుంది. ముందు చిటచిటలు, తర్వాత నీలం మంట, ఆ పైన తీగ తెగి కింద పడడం.

నాది కృష్ణా జిల్లా. ఆ సెక్షన్ ఆఫీసులో గుమస్తాని. నన్ను ఆటపట్టించడం జగ్గారావుకి సరదా.

"మీకు కాయితం తడుస్తాదని బయం, మాకు పింగానీ తడుస్తాదని బయం. ఎవుల బయం ఆలది" అనేవాడు.

కూర్మన్నపాలెం దగ్గర వాళ్లకి రెండెకరాలు ఉండేవి. ఉక్కు ఫ్యాక్టరీ కింద పోయాయి. అందరూ ఫ్యాక్టరీ ఉద్యోగం కోసం కాచుకుని కూర్చుంటే ఇతను మాత్రం స్తంభాలు ఎక్కడం నేర్చుకున్నాడు. మొండివాడు రాజు కంటే బలవంతుడంటారు, ఆ బాపతు మనిషి. తను కడిగిన పింగాణీని ఇంకొకడు తుడిస్తే ఒప్పుకునేవాడు కాదు. తెల్లారగట్ల స్తంభం కింద నిలబడి చిటచిటలు వినిపిస్తున్నాయేమోనని చెవి పెట్టేవాడు. నాకు అతనంటే గౌరవం, ఆ సంగతి అతనికి ఎప్పుడూ చెప్పలేదు.

ఎనభై రెండులో వానలు మొహం చాటేశాయి. ఆ మాఘానికి కుళాయిలు ఎండిపోయాయి. ఆడవాళ్లు బిందెలు వరసలో పెట్టి, వాటికి కాపలాగా రాయి పెట్టి ఇళ్లకు పోయేవారు. అప్పుడూ మా పింగాణీలు కడగడానికి మాత్రం ట్యాంకరు రెండు డ్రమ్ముల మంచినీళ్లు దింపేది. కుళాయి నీళ్లతో తప్ప కడగరాదని పైనుంచి సర్క్యులర్ వచ్చింది. ఇంగ్లీషులో ఉంది. గోడకి అతికించింది నేనే. ఎందుకు కూడదో తెలుగులో చదివి చెప్పాలని నాకు తట్టలేదు, నా పని అతికించడమే అనుకున్నాను. ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

ఆ రోజు ఖనిజం గుట్టల వెనక వీధిలో పని. లైను ఆపిన కాయితం మీద సంతకం కోసం నేనూ వెళ్లాను. డ్రమ్ములు చూసి వీధి వీధంతా బిందెలతో వచ్చేసింది. ముందు పోతమ్మ వచ్చింది. ఆమె పూర్ణా మార్కెట్ నుంచి ఆకుకూరలు తెచ్చి ఇంటింటా అమ్ముతుంది. మొగుడు దొరబాబు రేవులో కళాసీ. జగ్గారావూ దొరబాబూ బావా బావా అని పిలుచుకుంటారు.

"అన్నియ్యా, మా కూతురు గౌరీశ్వరికి పురుడొచ్చి మూడ్రోజులయినాది. పసిగుంటడికి నీల్లు పొయ్యనానికి కూడా నేవు. ఒక బిందె ఇయ్యి" అంది.

జగ్గారావు డ్రమ్ము వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు.

"తాగే నీల్లతోటి పింగానీ కడిగితే పాపం తగల్దేటి? పట్టుకెల్లండి, అందరూ పట్టుకెల్లండి" అన్నాడు.

వీధి చివర ఒక నుయ్యి ఉంది. నోట్లో పోసుకోలేని ఉప్పు నీళ్లు, బట్టలకి తప్ప పనికిరావు. దొరబాబు ఆ నూతినుంచి తోడి డ్రమ్ములు నింపాడు. జగ్గారావు ఆ నీళ్లతో పద్నాలుగు స్తంభాలూ కడిగాడు. పింగాణీలు తెల్లగా, కొత్తవాటిలా మెరిశాయి. నేను చూస్తూనే ఉన్నాను. అడ్డు చెప్పలేదు సరికదా, మంచి పని చేశావని మెచ్చుకున్నాను.

నాలుగో రోజు తెల్లవారుజామున మంచు కమ్మేసింది. వీధిలో మూడో స్తంభం మీద మంట లేచి తీగ తెగింది. తడి నేల మీద పడుంటే సబ్‌స్టేషన్‌లో స్విచ్చి దానంతటదే పడిపోయేది. ఎండిన ఇసుక మీద పడి, కరెంటు పోక ప్రాణంతోనే ఉండిపోయింది. మార్కెట్‌కి బయల్దేరిన పోతమ్మకి ఆ మంచులో అది కనబడలేదు.

జగ్గారావు వచ్చి లైను ఆపించి, నాలుగో స్తంభం ఎక్కాడు. అక్కడి తెల్లటి పింగాణీని వేలితో రాసి నాలిక మీద పెట్టుకున్నాడు. దిగి నేరుగా ఆఫీసుకి వచ్చాడు.

"గుమస్తా బాబూ, ఆ కాయితంలో ఏటి రాసున్నాది?"

చదివాను. ఉప్పు నీళ్లతో కడిగితే దుమ్ము పోతుంది, నీరు ఆరాక ఉప్పు మిగిలిపోతుంది, అది కంటికి కనబడదు.

"ఈ మాట ఆయాల సెప్పకపోనావేటి బాబూ?" అన్నాడు.

నీకు ఇద్దరు ఆడపిల్లలున్నారు, ఉద్యోగం పోతుంది, నోరు మూసుకో అన్నాను. అంతకంటే పిరికి సలహా నా జన్మలో ఎవరికీ ఇవ్వలేదు. అతను ఒప్పుకున్నాడు.

విచారణ ఆ వీధిలోనే, స్తంభం పక్కన కుర్చీలు వేసి జరిగింది. వాంగ్మూలాలు రాసింది నేనే. పెద్ద ఇంజనీరు తేల్చి చెప్పాడు.

"నువ్వు కడగనేలేదు. కడిగినట్టు రిజిస్టర్‌లో రాయించావు. పని ఎగ్గొట్టి మనిషిని చంపావు."

జగ్గారావు తల దించుకున్నాడు. నేను ఆ మాటలే కాయితం మీదికి ఎక్కించాను. గుంపులోంచి దొరబాబు ముందుకొచ్చాడు. పోతమ్మ దినవారాలు ఇంకా పూర్తి కాలేదు, గుండు గీయించుకుని ఉన్నాడు.

"అలాగనకండి బాబూ. మా బావ పని ఎగ్గొట్టీవోడు కాడు. నా ముందరే కడిగినాడు. మీరంపిన మంచినీల్లు కూడా తాను వాడుకోక మా వీదికి పోసినాడు. మా మనవడికి తానం ఆ నీల్లతోటే."

ఇంజనీరు నెమ్మదిగా అడిగాడు.

"మరి దేంతో కడిగాడు?"

"మా నూతి నీల్లతోటి. నానే తోడి ఇచ్చినాను."

ఇంజనీరు కోప్పడలేదు. ఉప్పు నీరు పింగాణీని ఏం చేస్తుందో, పోతమ్మ ఎలా పోయిందో దొరబాబుకి విడమరిచి చెప్పాడు. దొరబాబు అంతా విన్నాడు. జగ్గారావు వైపు తిరిగాడు.

"నీకు తెలుసునా బావా?"

"ఆయాల తెలీదు. తరవాత తెలిసినాది."

"మరి నాతోటి సెప్పకపోనావా? నాను ఈయాల ఇక్కడ నోరిప్పకపోదును కదా" అన్నాడు దొరబాబు, భోరున ఏడుస్తూ.