నెత్తళ్ల వల లాగిన ఉదయం

మొన్న ఆదివారం బెంగళూరు బ్రూక్‌ఫీల్డ్‌లో మా వీధి మలుపున చేపల బండి దగ్గర ఆగాను. ఐసు ముక్కల మధ్య చిటికెన వేలంత నెత్తళ్లు మెరుస్తున్నాయి. బండి ఆమెది ఇక్కడికి దగ్గర్లోని అత్తిబెలె ఊరు, తరతరాలుగా అక్కడే ఉన్న తెలుగువాళ్లు. "తాజా నెత్తళ్లు ఉండాయి, తీసుకోమ్మా" అంది. అరకిలో తీసుకున్నాను. అరవై అయిదేళ్లు దాటినా, నెత్తళ్లను చూస్తే నాకు నోరూరే ముందే భయమేస్తుంది.

నెల్లూరు వైపు సముద్రం ఒడ్డున పుట్టినదాన్ని. ఆ తీరం ఎరిగిన నా ఈడువాళ్లకు ఒడ్డున నిలబడి లాగే అలివి వల గుర్తుండే ఉంటుంది. నెత్తళ్లు గాలానికి దొరికే చేపలు కావు. గుంపుగా ఒడ్డుకు దగ్గరగా వస్తాయి, నీళ్ల మీద మబ్బు నీడ పడ్డట్టు కదులుతాయి, పైన పక్షులు ముసురుతాయి. అది కనబడగానే వల తాడు ఒక కొసను ఒడ్డున జనానికిచ్చి, పడవలో గుంపు చుట్టూ వల దింపుకుంటూ వెళ్లి, రెండో కొసతో కాస్త ఎడంగా ఒడ్డుకు వస్తారు. ఆపైన ఆడా మగా రెండు జట్లుగా చేరి సమానంగా లాగాలి. ఒక పక్క ముందుపడిందా, గుంపంతా రెండో పక్క నుంచి జారిపోతుంది.

నాకప్పుడు పదకొండేళ్లు. ఆ ఉదయం నాయన, చిన్నాయన పడవలో వెళ్లారు, ఒడ్డున తాడు పట్టుకున్న జట్టులో అమ్మ, నేను ఉన్నాం. వల సగం దిగేసరికి గాలి తిరిగింది, పెద్ద అల లేచి పడవ బోల్తాపడింది. చిన్నాయన పడవ అంచు పట్టుకుని తేలాడు. నాయన కనబడలేదు. రెండో జట్టువాళ్లు కూడా మా వైపు పరుగెత్తుకొచ్చి, ఉన్న ఒక్క తాడునూ కంగారుగా లాగడం మొదలుపెట్టారు. అందరికంటే ముందు తాడు పట్టుకున్నది మా నాయనమ్మ. ఉన్నట్టుండి ఆమె అరిచింది.

"ఆపండ్రా! వాడు వల్లోనే ఉండాడు, నా చేతికి తెలస్తా ఉండాది. అల వచ్చేటప్పుడే లాగండి, పొయ్యేటప్పుడు నిలబడండి. ఎదురు లాగితే మునిగిపోతాడు!"

అల వచ్చినప్పుడు రెండు బారలు లాగడం, వెనక్కి పోతున్నప్పుడు ఊపిరి బిగబట్టి నిలబడడం. ఆ నిలబడడమే నా వల్ల కాలేదు. లాగుతున్నంతసేపు ఏదో చేస్తున్నామన్న ధైర్యం ఉండేది. ఆగినప్పుడల్లా నాయన ఊపిరి ఎంతసేపు ఉంటుందోనని నాలో నేను లెక్కపెట్టుకుని, లెక్క తప్పి, మళ్లీ మొదలుపెట్టేదాన్ని. మా కళ్లెదుటే నెత్తళ్ల గుంపు తళుక్కుమంటూ వల దాటిపోయింది. ఎవరూ పట్టించుకోలేదు.

చివరికి నురగలో ఒక తల కనబడింది. నాయన ఒక కాలు వలలో చిక్కుకుపోయి ఉంది, చేతికి తాడు రెండు చుట్లు చుట్టుకుని ఉన్నాడు. ఇసుక మీదికి లాగాక నీళ్లు కక్కుకుని, "చేపలేమైనాయి?" అని అడిగాడు. నాయనమ్మ ఆయన వీపు మీద ఒక్కటి చరిచి, అప్పుడు కూలబడి ఏడ్చింది. ఈలోగా దరి చేరిన చిన్నాయన, ఇంకా తాడు వదలని మా అమ్మ చేతులను విడదీయబోతే వేళ్లు రాలేదు. ఒక్కొక్కటే విప్పాల్సి వచ్చింది. మూడో రోజు నాయన మళ్లీ వేటకు వెళ్లాడు. అమ్మ వద్దనలేదు, గుమ్మం దాకా వచ్చి నిలబడింది, అంతే.

ఇప్పుడు మా ఊళ్లో అలివి లాగే జనం లేరు. తమ్ముడు ఇంజను బోటులో కంటికి ఆనని దూరం వెళ్లి వారం పాటు ఉంటాడు. తుఫాను వస్తే ముందుగానే ఫోనుకు కబురొస్తుంది, అది మంచిదే, కాదనను. అయినా వాయుగుండం అని టీవీలో విన్నప్పుడల్లా ఇక్కడ నేను, అక్కడ మా మరదలు ఫోన్లు పట్టుకుని, ఏమైనా తెలిసిందా అంటే ఏమైనా తెలిసిందా అని ఒకరినొకరం అడుగుతూ కూర్చుంటాం. ఆ రోజుల్లో భయమేస్తే పక్కన నలభైమంది ఉండేవాళ్లు. ఇప్పుడు ఎవరింట్లో వాళ్లం తలుపులు వేసుకుని భయపడుతున్నాం.