లారీలో తిరగలి

మనవడు మమ్మల్నందరినీ కారులో థీమ్ పార్కుకు తీసుకెళ్తున్నాడు. అరకు ఘాట్ మలుపుల్లో ముందు లారీ డీజిల్ వాసన తగలగానే నా ఏడో ఏడు గుర్తొచ్చింది.

అప్పుడు మేము లారీలో కొండ దిగాం. ఎగ్జిబిషన్‌లో రంగులరాట్నం ఎక్కిస్తానన్నాడు నాన్న. నా కాళ్ల దగ్గర మా ఇంటి తిరగలి ఉంది.

“ఇదెందుకమ్మా?” అన్నాను.

“అక్కడ అంబలికి సోళ్లు ఇసురుకోవద్దేటే?” అంది అమ్మ, నా వైపు చూడకుండా.

ఎగ్జిబిషన్‌కు వెళ్లేవాళ్లంతా తిరగలి తీసుకెళ్తారు కాబోలు అనుకున్నాను.

రాట్నం దిగి, “ఇంటికెల్పోదామా నాన్నా?” అన్నాను.

“ఇంకో సుట్టు తిరుగు గుంటా,” అన్నాడు. దిగిన ప్రతిసారీ అదే అడిగాను. ప్రతిసారీ ఆయన మళ్లీ టిక్కెట్టు కొన్నాడు. నాన్న ఇంత మంచివాడా అనుకున్నాను.

మా ఊరు డ్యాము నీళ్లలో మునగబోతోందనీ, మాకు కింద రేకుల ఇల్లు ఇచ్చారనీ ఆయనకు తెలుసు. చెప్పడానికి నోరు రాలేదు. ఆరో చుట్టులో నేను నిద్రపోయాను. ఇక అడిగేవాళ్లు లేరు కాబట్టి, నన్ను భుజాన వేసుకుని ఆ ఇంటికి నడిచాడు.