జర ఒక చెయ్యేయుండ్రి

జనగామలో మునిసిపాలిటీ చెత్త లారీ నడిపే ఆయనను మేమంతా డ్రైవరన్న అనేవాళ్లం. ఆ పాత లారీ తోయనిదే కదిలేది కాదు. పొద్దున్నే బజారులో అది ఆగిపోగానే ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి, "జర ఒక చెయ్యేయుండ్రి!" అని పిలిచేవాడు. చాయ్ తాగేవాళ్లం గ్లాసులు పక్కన పెట్టి వెళ్లేవాళ్లం. కూరగాయలమ్మే అవ్వ కూడా వచ్చేది. మేం తోస్తుంటే ఆయన ఒక్కొక్కరినీ పలకరించేవాడు.

"అవ్వా, మోకాలు నొప్పి తగ్గిందా?"

"నీ లారీ తగ్గనిస్తదా, బిడ్డా!"

ఎనభైల్లో కొత్త లారీ వచ్చింది. తాళంచెవి తిప్పగానే దూసుకుపోయేది. మేం తలెత్తి చూడటం కూడా మానేశాం. ఆయన మాత్రం అందులో, తనను ఎవరూ ఎరగని పెళ్లికి వచ్చినవాడిలా బిక్కమొహంతో కూర్చునేవాడు.

వారం తిరక్కముందే కొత్త లారీ చాయ్ హోటల్ ముందు ఆగింది.

"జర ఒక చెయ్యేయుండ్రి!"

"కొత్తదానికి ఏమైందన్నా?" అంటూనే ఉరికాం. అవ్వా వచ్చింది. అందరి మంచిచెడ్డలూ అడిగాడు. బజారు చివరికి చేరాక, "ఇగ సాలు" అని అంగీ జేబులోంచి తాళంచెవి తీసి పెట్టి తిప్పాడు. ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది.

అందరం చూశాం. అవ్వ నడుం పట్టుకుని, "రేపు జర నీడకు ఆపు, బిడ్డా" అంది.