పావుకిలో రాయికన్నా తేలిక

నా రాతలో తప్పులుంటే మన్నించండి. ఐదో తరగతితో బడి మానేశాను, అక్షరాలు వంకరగా వస్తాయి. ఎదుట నిలబడి మాట్లాడడం చేతకాక, ఆత్మకూరు నుంచి ఏటా శ్రీశైలం నడిచిపోయే మీకందరికీ ఈ కాగితం రాస్తున్నాను. మీ సంచులు కుట్టినాయన కోడలిని నేను. మా మామ పోయి పదిహేను రోజులైంది. ఛాతీలో నొప్పి అన్నారు. వనపర్తి దవాఖాన చేరకముందే, ఆటోలోనే, అత్త ఒడిలో కన్నుమూశారు.

ఆ సంచి ఎట్లా తయారయ్యేదో మీరు చూసి ఉండరు. పాత గొడుగుల గుడ్డ విప్పి, ఉతికి, ముక్కలు కలిపి కుట్టేవారు. అడుగుకు యూరియా సంచి పట్టా. నీళ్ల సీసా జేబుకు చిరిగిన దోమతెర. భుజం పట్టీలు పిల్లలు పారేసిన బడిసంచులవి. వాన దిగకుండా కుట్ల మీద కొవ్వొత్తి రుద్దేవారు. చివరికి తక్కెడలో ఒకవైపు సంచి, ఒకవైపు పావుకిలో రాయి. సంచి వైపు కిందికి మొగ్గితే మళ్లీ విప్పడమే.

మీలో ఒకరు స్టీలు డబ్బాలు, ఇత్తడి చెంబు తెచ్చి సర్దబోతే, మామ "దేవుని దగ్గరికి పోతున్నవా, కాపురం పెట్టనీకి పోతున్నవా?" అన్నారు. తలుపు చాటున నేను నవ్వు ఆపుకోలేకపోయాను.

ఆ తలుపు చాటే నా బడి. మామ ముందుకు రావాలంటే నాకు సిగ్గు. అది తెలిసి ఆయన తల తిప్పకుండా కుట్టుమిషనుతో చెప్పేవారు. "చూడు, గొడుగుగుడ్డ సాగుతది. గుంజకు." ఒక మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుంటే ఒక జేబు కుట్టి పెట్టాను. లేచి చూసి, మిషనుకే చెప్పారు. "మంచిగ కుట్టినవ్. దారం జర ఎక్కువైంది. దారం గూడ బరువే."

అడవి సంగతీ దానికే చెప్పేవారు. "అచ్చంపేట దాటినంక పొద్దుగాల ఇప్పపూల వాసనొస్తది. వీపు మీద బరువుంటే ముక్కు గూడ పనిచెయ్యదు."

ఆ వాసన కోసం నాకు ఎంత ఆశో ఎవరికీ చెప్పలేదు. ఆయనే కనిపెట్టారు. కిందటేడు నడకకు ముందు అత్తతో, "కోడలికి గూడ ఒక సంచి కుడత" అన్నారు.

"కోడలు వీపుకు సంచేసుకొని అడివి పట్టుకపోతే ఊరు నవ్వదా?"

"సంచి ఊరు మోస్తదానే? మోసేది పిల్లనే గద."

కోడలి భుజం మామ కొలవకూడదు. అందుకని ఒక దారం మేకుకు తగిలించి, "మెడ పక్క నుంచి చంక కిందిదాక పట్టి ముడెయ్యమను" అని అత్తతో చెప్పారు. రోజూ ఆ దారం చూస్తూనే ఉన్నాను. ముడి వేస్తే వస్తానని చెప్పినట్టే. సిగ్గుతో వేయలేదు. ఆయన మీతో వెళ్లి వచ్చారు. దారం వైపు చూసి, దాన్ని మేకుకు అట్లాగే ఉంచారు.

పదో రోజు దాటాక మిషను కింది పెట్టె తెరిచాను. నల్లగుడ్డ సంచి ఒకటి ఉంది. పట్టీలు పైన కుట్టి ఉన్నాయి. కింది కొసలు మాత్రం వదిలేసి ఉన్నాయి, నా కొలత కోసం.

ఆ దారానికి ముడి వేశాను. పట్టీల కొసలు నేనే కుట్టాను, తక్కువ దారంతో. తక్కెడలో పెడితే సంచి వైపు పైకి లేచింది. ఇప్పుడది అదే మేకుకు ఉంది, గాలి వస్తే ఊగుతుంది.

ఇంట్లో చావు జరిగింది కనుక ఏడాదిదాకా దేవుని కొండ తొక్కకూడదు. ఆ తరువాతి నడకలో మీ గుంపు చివర ఒకామె తలవంచుకొని వస్తుంటే, ఏమీ అడగకండి, నడవనివ్వండి. అత్తకు ఇంకా చెప్పలేదు. అందుకే చదివాక ఈ కాగితాన్ని చాయ్ పొయ్యిలో వేసేయండి. దారిలో కాగితం కూడా బరువే.