భువన చెవి మిషను, నా గుసగుసలు

మా బడి హెడ్మాస్టరు పోయిన శుక్రవారం నుంచి నా ముఖం చూడటం లేదు. ఆయన తప్పేమీ లేదు. నా తప్పు కూడా పెద్దగా లేదు. అంతా గవర్నమెంటు ఇచ్చిన ఆ మిషను చేసిన పని!

పుంగనూరు దగ్గర మా ఊళ్లో పాల సెంటరు నాది. పొద్దున్నే పాలు పోయడానికి వచ్చేవాళ్లు పాలతో పాటు నాలుగు మాటలు కూడా తెస్తారు. పాలు డెయిరీకి పోతాయి, మాటలు నా దగ్గర ఉంటాయి. రెండింట్లోనూ నీళ్లు కలిపేది మాత్రం నేను కాదు.

పక్కింటి సుజాత కూతురు భువనకు ఏడేళ్లు. చెవిలో అరిస్తే తప్ప వినపడదు. అందుకని ఆ బిడ్డతో ఊరంతా అరిచే మాట్లాడుతుంది. మదనపల్లె క్యాంపులో చెవులు పరీక్ష చేయించి, 'నిధులు రాలేదు, వచ్చాక చూద్దాం' అనే మాట సుజాత ఎన్నిసార్లు విందో! ఎట్టకేలకు ఆ శుక్రవారానికి ముందు మంగళవారం, చెవికి పెట్టే మిషను వచ్చింది. తెచ్చింది స్పెషల్ టీచరు శైలజ మేడం. ఇంకొకరిని పెట్టడానికి డబ్బుల్లేవట, మండలమంతా ఆమె ఒక్కతే తిరగాలి. మా బడికి మంగళవారం, శుక్రవారం వస్తుంది.

మిషను పెట్టి ఆమె ఏవో జాగ్రత్తలు చెప్పింది. అప్పుడు నేను మాట్లాడుతున్నాను కాబట్టి వినలేదు.

ఆమె అటు పోగానే నేను భువన చెవి దగ్గరకు వంగి, ఎప్పటిలాగే ప్రేమగా అరిచాను.

"భువనా! అవ్వ మాటలు ఇనపడతాండాయా?"

గోడమీది కాకులు లేచిపోయాయి. బిడ్డ కెవ్వుమని మిషను పీకి విసిరేసింది. అదృష్టం, గడ్డిలో పడింది.

మర్నాడు సుజాత వచ్చింది. "నువ్వు అరిసినప్పట్నించీ దాన్ని సూస్తేనే ఏడస్తాండాది అవ్వా. శుక్రవారం మిషను సూడ్డానికి బడికి ఆఫీసరు వస్తాడంట. వాడకుండా పెట్టె లోనే పెట్టింటే ఎనక్కి తీసుకోని ఇంకో బిడ్డకు ఇస్తారంట. మళ్లా ఎప్పుడొస్తాదో! ఈ వయసు దాటితే మాటలు సరిగ్గా రావడం కష్టమని మేడం సెప్పింది."

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆ పొద్దు పాల లెక్క రెండుసార్లు తప్పు రాశాను. ఊళ్లో ఎవరికైనా చెబితే నమ్మరు.

గురువారం పొద్దున వెంకటమ్మ చెవిలో హెడ్మాస్టరు సంగతి చెబుతున్నాను. ఆమె కడుపు పట్టుకుని నవ్వుతోంది. సుజాత పక్కన కూర్చున్న భువన ఒకసారి నా నోటివైపు, ఒకసారి వెంకటమ్మ నోటివైపు చూసి, అందరి తర్వాత తానూ కొంచెం నవ్వింది. ఆ బిడ్డ ఎప్పుడూ అంతే, అందరి తర్వాత నవ్వుతుంది. ఎందుకో తెలియకుండా నవ్వుతోందని నాకు ఆ పొద్దే తట్టింది.

"ఏంది అవ్వా? ఏంది?" అని నా కొంగు లాగింది.

అరవబోయి నోరు మూసుకున్నాను. సుజాత చేతిలోని మిషను పెట్టె చూపించి, అది పెట్టుకుంటేనే చెబుతానని సైగ చేశాను. భువన చాలాసేపు ఆలోచించింది. తర్వాత తానే తీసి చెవికి పెట్టుకుంది.

మంచి కబురుకు మాత్రమే వాడే నా సన్నని గొంతుతో మొత్తం చెప్పాను. భువన కళ్లు పెద్దవయ్యాయి. ఈసారి అందరికంటే ముందు నవ్వింది!

"ఇంగొకటి సెప్పు అవ్వా!"

అలవాటు కొద్దీ "ఎవురికీ సెప్పద్దు" అని కూడా అన్నాను. మా ఊళ్లో ఆ మాటకు అర్థం తొందరగా చెప్పమని.

శుక్రవారం ఆఫీసరు బడికి వచ్చాడు. నేనూ మజ్జిగ పట్టుకుని పోయాను. ఆయన భువన వెనక నిలబడి మెల్లగా అడిగాడు.

"పాపా, మీ హెడ్మాస్టరు గురించి ఒక మాట చెప్పు."

సుజాత ఖాళీ పెట్టెను కొంగు చాటున దాచుకుంది. భువన చేతులు కట్టుకుని నిలబడి, పాత అలవాటుగా గట్టిగా మొదలుపెట్టింది.

"మా సారుకు షుగరని ఆయన పెండ్లాం రాగిసంగటి కట్టిస్తాది. సారు దాన్ని రెడ్డెమ్మవ్వ బర్రెకు పెట్టి టీ అంగట్లో బోండాలు తింటాడు. ఎవురికీ సెప్పద్దని రెడ్డెమ్మవ్వ సెప్పింది."

రెడ్డెమ్మవ్వ అంటే నేనే.

హెడ్మాస్టరు నా వైపు చూశాడు. నేను మజ్జిగ వైపు చూశాను. ఆఫీసరు కర్చీఫు నోటికి అడ్డం పెట్టుకుని, "మిషను బ్రహ్మాండంగా పని చేస్తోంది. ఈ బిడ్డ దగ్గరే ఉండనీయండి" అన్నాడు. సుజాత ఏడుస్తూనే నవ్వింది.

పోతూ పోతూ శైలజ మేడం నా చెయ్యి పట్టుకుంది. "నాకు వారానికి రెండు రోజులే అవ్వా. మిగతా రోజులు మీరే ఈ బిడ్డతో మాట్లాడుతూ ఉండాలి. ఇట్లే, మెల్లగా."

అట్లా ఈ వయసులో నాకు జీతం లేని గవర్నమెంటు ఉద్యోగం వచ్చింది. రోజూ సాయంత్రం భువన వచ్చి కూర్చుంటుంది. నేను చెప్పింది దీపాలు పెట్టేలోగా ఊరంతా తిరిగొస్తుంది. అందుకని ఇతరుల మాటలు మానేశాను. నా మాటలే చెబుతున్నాను. మొన్న, మదనపల్లె బస్సనుకుని ఎక్కి నిద్రపోయి కుప్పంలో లేచిన సంగతి చెప్పాను.

నిన్న పొద్దున వెంకటమ్మ పాలు పోస్తూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏమే?" అన్నాను.

"ఏమీలే అత్తా," అంది. "కుప్పం ఎట్లుండాది?"