మారేడుమిల్లి దాటాక

ముమ్మిడివరం దగ్గరి పల్లెలో ఆవిడని చాటున అందరూ రేడియో బుజ్జమ్మ అనేవారు. పాటల పిచ్చి ఉండి కాదు, వాతావరణ సూచనల కోసం. "బంగాళాఖాతంలో అల్పపీడనం" అన్న మాట చెవిన పడిందంటే, పొయ్యి మీద పులుసు పొంగిపోతున్నా ఆవిడకి పట్టేది కాదు. కిటికీ తలుపులన్నీ మూసి, గడియలు మళ్ళీ ఓసారి లాగి చూసుకుని, నడవాలో గోడకి ఆనుకుని కూర్చునేది. మబ్బు విడిపోయి ఎండ కాసినా, "ఇంకాసేపు ఉండండి, ఏమో" అనేది.

తొంభై ఆరుకి ముందు బుజ్జమ్మ ఇలాంటి మనిషి కాదు. ఆ ఏడు దీపావళి ముందు తుఫాను ముంచుకొచ్చిన సాయంత్రం మరిది తాతాజీ గేదెల్ని విప్పేసి వస్తానని బయల్దేరాడు. బుజ్జమ్మ కాపరానికి వచ్చేనాటికి పలక పట్టుకుని బడికెళ్ళే పిల్లాడతను. తన చేత్తో అన్నం కలిపి పెట్టి పెంచింది. "ఇప్పుడే వస్తాను వదినా" అని లుంగీ ఎగ్గట్టి గాల్లోకి దిగినవాడు మళ్ళీ గడప తొక్కలేదు. నీళ్ళు తీశాక, కూలిన కొబ్బరిచెట్ల కింద దొరికాడు. తర్వాత తోట మళ్ళీ వేశారు. ఇంటికి స్లాబు పోయించారు. బుజ్జమ్మకి మాత్రం ఆకాశం మీద నమ్మకం పోయింది.

ఆవిడ చెల్లెలు రామతులసి కాపరం మోతుగూడెంలో. చెల్లెలి భర్తకి అక్కడి కరెంటు ప్రాజెక్టులో ఉద్యోగం. మారేడుమిల్లి అడవి దాటి, కొండల మధ్య ఉంటుంది ఆ ఊరు. పెళ్ళయిన దగ్గర్నుంచీ చెల్లెలు రమ్మంటూనే ఉంది, అక్క ఏదో సాకు చెబుతూనే ఉంది. గోదావరి గట్టు కంటే ఎత్తయిన నేల మీద బుజ్జమ్మ ఎన్నడూ కాలు పెట్టలేదు. రెండువేల మూడు శ్రావణంలో రామతులసి కూతురు పావనికి ఆడపిల్ల పుట్టింది. బారసాలకి రాకపోతే జన్మలో నీతో మాట్లాడనని చెల్లెలు ఫోన్లో ఏడ్చేసింది.

"వానాకాలంలో ఘాటీ రోడ్డు అంటే నాకు కాళ్ళు వణుకుతున్నాయండీ. మాఘంలో వెళ్దామా?" అంది బుజ్జమ్మ భర్తతో.

"మాఘం దాకా పిల్లకి పేరు పెట్టకుండా ఆపుతారేంటే?" అన్నాడు గున్నేశ్వరరావు.

ఊళ్ళో భీమరాజు అంబాసిడర్ మాట్లాడారు. భద్రాచలం యాత్రలకి ఆ దారిన ఎన్నోసార్లు తిరిగినవాడు. తెల్లవారుతుండగా బయల్దేరారు. జొన్నాడ వంతెన మీదికి వచ్చేసరికి లేత ఎండ, కింద ఎర్రనీళ్ళతో గోదావరి. ఒక్క మబ్బు తునక లేదు. బుజ్జమ్మ కాస్త కుదుటపడి, ఒళ్ళో పెట్టుకున్న పూతరేకుల డబ్బా పక్కన పెట్టింది.

రాజమండ్రి దాటి గోకవరం చేరేసరికి ఉత్తరాన ఆకాశం కింద నల్లగా ఏదో అడ్డం కనపడింది.

"ఏవండీ, ఆ మబ్బు చూడండి. వెనక్కి తిప్పేద్దాం."

భీమరాజు నవ్వాడు. "మబ్బు కాదండి పిన్నిగారూ. కొండలండి అవి."

బుజ్జమ్మకి సిగ్గేసింది. కానీ ఆ నల్లటిది కారు దగ్గరయ్యే కొద్దీ నీలంగా, తర్వాత పచ్చగా మారుతూ పైపైకి లేస్తుంటే, మబ్బయితేనే బాగుండుననిపించింది. ఇంత నేల ఇలా నిలువునా లేచి నుంచుంటుందా!

రంపచోడవరంలో పెసరట్లు తిని కార్లో కూర్చుంటుండగా చినుకు మొదలైంది. మారేడుమిల్లి చేరేలోపే ఆగిపోయి చుర్రుమని ఎండ కాసింది. ఆ తర్వాత ఊళ్ళు అయిపోయాయి. రోడ్డు అడవిలోకి దూరింది. అటూ ఇటూ వెదుళ్ళు పైన ఒకదాన్నొకటి కలుసుకుని, కింద మధ్యాహ్నమే మసక చీకటి చేశాయి. కారు ఒక మలుపు తిరిగి పైకెక్కేది, ఇంకో మలుపు తిరిగి ఇంకా పైకి. ఒక పక్క కొండ, రెండో పక్క ఏమీ లేదు. చెట్ల తలలు కాళ్ళ కింద కనపడుతున్నాయి. బుజ్జమ్మ కళ్ళు మూసుకుని భర్త చెయ్యి పట్టుకుంది.

ఒక మలుపు దగ్గర చెవుల్లో ఏదో టప్పుమంది. అదే క్షణంలో కారు అద్దాలు తెల్లబడిపోయాయి.

"ఏంటిది? పొగా?"

"మబ్బేనండి ఇది. మనం అందులోకే వచ్చేశామండి" అన్నాడు భీమరాజు, లైట్లు వేసి కారు నెమ్మది చేస్తూ.

బుజ్జమ్మ బిగుసుకుపోయింది. ఇన్నేళ్ళూ గడియలు బిగించి బయట ఉంచింది ఇదే. తెరిచి ఉన్న కిటికీలోంచి అది చప్పుడు చేయకుండా లోపలికి వచ్చింది. చెంపలకి చల్లగా తగిలింది, ముంజేతి వెంట్రుకల మీద సన్నటి చెమ్మగా నిలిచింది. పాలు కాగేటప్పుడు గిన్నె మీదికి వంగితే మొహానికి తగిలే ఆవిరిలా మెత్తగా ఉంది. అద్దం ఎత్తబోయిన గున్నేశ్వరరావు చేతిని ఆవిడ ఆపింది.

"ఉండనివ్వండి" అంది.

అప్పుడే భీమరాజు కారు ఆపేశాడు. "మాట్లాడకండి" అని గుసగుసగా అన్నాడు.

ఆ తెలుపులో ముందు ఒక నల్లటి నీడ, దాని వెనకాల ఇంకొకటి. అడవిదున్నలు. ఇంటి గేదెలు వాటి పక్కన దూడల్లా ఉంటాయేమో. కొండంత మూపులు, మోకాళ్ళ దాకా తెల్లటి మేజోళ్ళు తొడిగినట్టున్న కాళ్ళు. తొందరేం లేకుండా ఒక్కొక్కటే రోడ్డు దాటుతున్నాయి. పక్కన ఒక దూడ తల్లి పొట్టకి రాసుకుంటూ నడుస్తోంది. అన్నిటికంటే పెద్దది రోడ్డు మధ్యలో నిలబడి కారు వైపు తల తిప్పింది. దాని ఊపిరి మబ్బులో మబ్బుగా కలిసిపోవడం బుజ్జమ్మ చూసింది. కాసేపటికి అదీ లోయ వైపు దిగిపోయింది. కొమ్మలు విరిగిన చప్పుడు వినపడింది. తర్వాత అదీ లేదు.

గున్నేశ్వరరావు రెండు చేతులూ జోడించి ఉన్నాడు. తనకే తెలియకుండా జోడించినట్టున్నాడు.

మలుపు దాటగానే మబ్బు తెగి కిందికి జారింది, వెనకాలే వాన దిగింది. బిందెతో గుమ్మరించినట్టు కురిసిన వాన. వైపర్లు తుడుస్తున్నా దారి కనపడలేదు. దిగువన వాగు చప్టాని ముంచేసి రోడ్డుకి అడ్డంగా పారుతోంది. అవతల గట్టున ఒక ఆర్టీసీ బస్సు ఆగిపోయింది. ఇవతల, వానకి ఆకులతో అల్లిన గిడుగు కప్పుకుని ఒక కొండరెడ్ల ఆవిడ మొక్కజొన్న పొత్తుల బుట్టతో రాయి మీద కూర్చుని ఉంది.

"ఎంతసేపమ్మా ఇలా?" అని భీమరాజు అద్దం దింపి అరిచాడు.

"పైన వాన ఆగితే దిగిపోద్ది" అంది ఆవిడ.

అప్పుడు బుజ్జమ్మ కారు తలుపు తీసింది.

"ఎక్కడికే? వాన! గాలి!" అన్నాడు గున్నేశ్వరరావు.

"తెలుస్తోందండీ" అని ఆవిడ దిగిపోయింది.

కొంగు తల మీద కప్పుకుంది గానీ క్షణంలో తడిసి ముద్దయింది. గాలికి వెదుళ్ళు కిర్రుమంటున్నాయి. ఆ చప్పుడుకి గుండె ఒక్కసారి పాత రోజుల్లోకి జారింది. కాళ్ళు వెనక్కి లాగాయి. అయినా తల ఎత్తి చూసింది. ఎదురుగా కొండ మొత్తం పారుతోంది. ఇందాకటి దాకా రాళ్ళూ చెట్లూ తప్ప ఏమీ లేని చోట, తెల్లటి పాయలు ఎక్కడ పడితే అక్కడ పుట్టి, ఒకదాన్లో ఒకటి కలుస్తూ దూకుతున్నాయి. ఒక పాయ ఆవిడ చూస్తుండగానే, ఒట్టి బండ మీద, కొత్తగా పుట్టింది.

గున్నేశ్వరరావు గొడుగు పట్టుకుని దిగి పక్కన నిలబడ్డాడు.

"ఈ నీళ్ళన్నీ ఎక్కడికి పోతాయండీ?"

"శబరిలోకి పోతాయి. అది గోదావరిలో కలుస్తుంది. ఇంకెక్కడికి, మన కాలవలోకే."

బుజ్జమ్మ ఒంగి, రోడ్డు పక్కన పారుతున్న నీటిలో చెయ్యి పెట్టింది. ఎంత చల్లన! ఈ వానకి తను ఎవరో తెలియదు. తాతాజీ ఎవరో ఆ గాలికీ తెలియదు. అది ఎవరి మీదా కక్ష కట్టి రాలేదు. ఆ మాట ఇదివరకు పురోహితుడు చెప్పాడు, డాక్టరు చెప్పాడు, భర్త ఎన్నిసార్లో చెప్పాడు. ఈ కొండ ముందు, ఒంటి మీద బట్ట మొత్తం తడిసి నిలబడితే గానీ ఆవిడకి ఎక్కలేదు. ఏడుపొచ్చింది. వానలో ఎవరికీ కనపడదు కదాని హాయిగా ఏడ్చింది.

"వాడుంటే ఈ దున్నల్ని చూసి ఎంత గోల చేసేవాడో" అంది చివరికి.

"నన్ను దిగి తోలుకురమ్మనేవాడు" అన్నాడు గున్నేశ్వరరావు. తమ్ముడి గురించి ఇద్దరూ నవ్వుతూ మాట్లాడుకోవడం అన్నేళ్ళలో అదే మొదలు.

వాన ఎలా వచ్చిందో అలాగే ఆగిపోయింది. పడమటి వైపు మబ్బులు చీలి, ఎండ ఏటవాలుగా లోయలో పడింది. దిగువన ఇంకో వానజల్లు, తెల్లటి పరదాలా, ఒక కొండ మీంచి ఇంకో కొండ మీదికి నడిచి పోతోంది. ఒక చోట వాన, పక్కనే ఎండ, ఆ పక్కన పొగమంచు, అన్నీ ఒకేసారి. ఇన్నాళ్ళూ కింద నిలబడి, తల మీద ఏం పడుతుందోనని చూసిన ఆకాశాన్ని ఆవిడ ఇప్పుడు పక్కనుంచి చూస్తోంది. వాగు దిగేదాకా అలా నిలబడే ఉంది. కొండరెడ్ల ఆవిడ దగ్గర పొత్తులు కొనుక్కుని, తడి చేతులతో ఒలుచుకుంటూ పచ్చివే తిన్నారు.

మోతుగూడెం చేరేసరికి పొద్దు వాలింది. గుమ్మంలో బుజ్జమ్మని చూసి రామతులసి నోరు నొక్కుకుంది.

"అయ్యో, ఇలా తడిసిపోయావేంటక్కా! ఘాటీలో బాగా భయపడ్డావా?"

బుజ్జమ్మ చెప్పబోయింది. మబ్బు లోపలికి రావడం, దున్నలు, బండ మీద పుట్టిన పాయ. మాటలు ఒకదాని మీద ఒకటి తోసుకొచ్చి ఏదీ కుదురుగా రాలేదు.

"మాకు రోజూ ఉండేదే కదక్కా" అంది రామతులసి, తువ్వాలు అందిస్తూ.

బుజ్జమ్మకి ఒళ్ళు మండింది. "రోజూ చూస్తూ, ఫోన్లో ఒక్కసారైనా చెప్పావుటే నాకు? కరెంటు పోయింది, పాలవాడు రాలేదు, ఇవే గదా నీ కబుర్లు!"

ఆ తర్వాత ఆవిడ భయం పూర్తిగా పోయిందని ఎవరైనా అంటే అది అబద్ధం. దీపావళి రోజుల్లో గాలి లేస్తే ఇప్పటికీ గడియలు లాగి చూసుకుంటుంది. కానీ ఏటా శ్రావణం రాగానే భీమరాజుకి కబురు పంపేది ఆవిడే. "ఎండల్లో వెళ్తే సుఖం కదండి పిన్నిగారూ" అని అతను అంటే, "ఎండలో ఏముందిరా చూడ్డానికి?" అంటుంది. ఆ ఏడు పేరు పెట్టిన పిల్ల, హారతి, ఇప్పుడు ముందు సీట్లో కూర్చుని అద్దం దింపి, చెయ్యి బయటపెట్టి మబ్బుని పట్టుకోబోతుంది. బుజ్జమ్మ వద్దనదు.