సిక్ లైన్‌లో గులాబీలు

ఖరగ్‌పూర్ రైల్వే నర్సరీ గాజుగదిలో గులాబీలను ముసలి మాలి మాడ్చేశాడని ఓల్డ్ సెటిల్‌మెంట్ కాలనీలో ఇప్పటికీ చెబుతారు. తప్పు. మాడ్చింది నేను.

ఎనభైల్లో నేను బోటనీ చదివేదాన్ని. ఆ మాలి మా పక్క క్వార్టర్ తాత. వర్క్‌షాపులో పాడైన వ్యాగన్‌కు గుర్తు పెట్టి మరమ్మతుకని సిక్ లైన్‌కు తోసినట్టే, బూడిద తెగులు సోకిన కుండీకి సుద్దతో గీత గీసి విడిగా పెట్టేవాడు. తెల్లబడిన ఆకులు తుంచి, కిటికీలన్నీ తెరిచేవాడు.

"గంధకం కొడితే పోతుంది కదా తాతా?"

"కొడదాం లేమ్మా, ఎండ తగ్గనీ. ముందు గాలాడాల. నీ బుక్కుకి సెమట పట్టదు గానీ మొక్కకి పడతాది."

ఆ వెటకారానికి నాకు ఒళ్ళు మండింది. పైగా, రైల్వే పూల ప్రదర్శనకు పూలు రాకపోతే గాజుగది ఇంకొకరికి అప్పగిస్తానని నర్సరీ ఆఫీసరు ఆయన్ను బెదిరించి ఉన్నాడు. తాత అన్నానికి వెళ్ళగానే మిట్టమధ్యాహ్నం నేనే గంధకం కలిపి కొట్టాను. మర్నాటికి ఆకులన్నీ మాడిపోయాయి.

తాత ఒక ఆకు నలిపి, వాసన చూసి, నావైపు చూశాడు. ఆఫీసరు అడిగితే, "నానే కొట్టినాను సార్, ఎండ సూసుకోలేదు" అన్నాడు. ప్రతిదానికీ వాదించే నేను ఆరోజు ఆయన మాటనే నిలవనిచ్చాను. తాత కుండీలన్నిటికీ సుద్ద గీతలు గీసి, గాజుగది తాళంచెవి ఆఫీసరుకు ఇచ్చేసి వెళ్ళాడు.

నామీద జాలిపడ్డాడంటుంది అమ్మ. నేనొప్పుకోను. తరవాత ఎప్పుడు ఎదురుపడినా ఒకటే అడిగేవాడు: "ఆళ్ళు గాజుగది కిటికీలు తీస్తన్నారా అమ్మా?"

తీస్తున్నారనే చెప్పేదాన్ని. నేను అడగాల్సింది మాత్రం అడగలేదు: నాదని తెలిసిన తప్పును నా దగ్గర్నుంచి ఎందుకు లాక్కున్నావు తాతా?